చిక్కని తెల్ల సిరా

తెల్లని కాగితముపై నల్లని యక్షరములు ముద్రించుట సులభము. ముదురు రంగు వస్త్రముపై తెల్లని యక్షరములు ముద్రించుట కష్టము. ఈ రెండింటికి గల భేదమును గ్రహించుటకు మాకు 48 చొక్కాలు పాడుకావలసి వచ్చెను. ఆ నష్టమువలన నేర్చుకొనిన సంగతులను మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలియజేయుటకే యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

క్రిందటి యేడు మన క్రీడోత్సవమునకై పిల్లలకు ముదురు నీలిరంగు నూలు చొక్కాలు తెప్పించి, వానిపై పాఠశాల పేరును తెల్లని యక్షరములతో ముద్రింపజేయ నిశ్చయించితిమి. మన తిరువూరిలో శుభలేఖలను, విజిటింగు కార్డులను స్క్రీన్ ప్రింటింగు పద్ధతిని ముద్రించి జీవనము చేయు యువకుడొకడు గలడు. అతడు మనవద్ద చదువుకొన్నవాడే. పని యతనికే యొప్పగించితిమి. ఉత్సవమునకు ముందునాటి సాయంకాలము వెళ్లి చూడగా, ఒక్క చొక్కాయైనను పూర్తికాలేదు. అతని నుదుట చెమటలు గ్రమ్మియుండెను.

“ఇంకు చిక్కగా ఉందండీ మాష్టారూ. ఎంత లాగినా గుడ్డమీదకు దిగడం లేదు” అనెను.

మేము గడియారము వంక చూచితిమి. “కొంచెం నీళ్లు కలుపు నాయనా, అదే దిగుతుంది” అని సలహా యిచ్చితిమి. అతడు క్షణకాలము సందేహించెను గాని, చదువు చెప్పినవారి మాట కాదనలేకపోయెను. నీళ్లు కలిపిన పిమ్మట సిరా చక్కగా దిగెను. రాత్రి రెండు గంటలకు పని ముగిసెను. మరునాడు పిల్లలు ఆ చొక్కాలు ధరించి పరుగెత్తుచుండగా జూచి సంతోషించితిమి.

మొదటి యుదుకులోనే నిజము బయటపడెను. తెలుపు బూడిదరంగునకు దిగెను. అక్షరముల యంచులు చెదరియుండెను. కొన్ని చొక్కాలపై నక్షరములు పొరలు పొరలుగా రాలిపోయెను. ఆ చొక్కాల సొమ్ము మామిడితోటలలోను, మిరప చేలలోను కూలిపని చేసికొను తలిదండ్రులు తమ కూలిలోనుండి యిచ్చినది. వారు వెళ్లి యా యువకునే నిలదీసిరి. నీళ్లు కలుపుమన్నది మేమని యతడు వారితో నొక్కమాటయైనను చెప్పలేదు. అతని మౌనము మాకు తెలిసిన దినమున మేము మిక్కిలి సిగ్గుపడితిమి. తరువాతి తలిదండ్రుల సమావేశమున లేచి, తప్పు మాదియని యొప్పుకొంటిమి, నష్టమును భరించితిమి. అటుపిమ్మట కొన్ని శనివారములు ఆ దుకాణమునకు వెళ్లి, అతనితో గూర్చుండి, సిరా యేల దిగలేదో మొదటినుండి పరీక్షించితిమి.

స్క్రీన్ ప్రింటింగు అనగా నేమో మొదట చెప్పవలెను. చెక్కతో గాని, అల్యూమినియముతో గాని చేసిన చట్రమునకు సన్నని జాలిగుడ్డను బిగువుగా సాగదీసి యంటింతురు. దానిపై వెలుతురు తగిలినచో గట్టిపడు ఎమల్షను అను పూతను పూసి, అక్షరముల రూపము గల ఫిల్మునుంచి, వెలుతురు చూపుదురు. వెలుతురు తగిలినచోట పూత గట్టిపడి రంధ్రములను మూసివేయును. అక్షరముల నీడ పడినచోట పూత మెత్తగానే యుండి, నీటితో కడిగినంతనే తొలగిపోవును. ఆ తెరచిన రంధ్రములగుండ సిరాను రబ్బరు పలకతో క్రిందికి నెట్టినచో వస్త్రముపై నక్షరములు పడును. ఆ రబ్బరు పలకనే స్క్వీజీ యందురు. చైనా, జపాను దేశములలో రంధ్రములు చేసిన కాగితముల నచ్చులుగా నుపయోగించుట పూర్వకాలమునుండి యున్నది. ఇంగ్లాండులోని మాంచెస్టరు నగరవాసియగు శామ్యూల్ సైమన్ 1907లో పట్టు జాలితో ముద్రించు పద్ధతికి పేటెంటు పొందెను. నేడు పట్టునకు బదులు పాలిస్టరు, నైలాను జాలులు వాడుకలో నున్నవి.

ఇక తెలుపు మాట. తెలుపు అనునది యెక్కడనుండి వచ్చును? ఎఱ్ఱని వస్తువు తనపై బడిన వెలుతురులో కొంతభాగమును మ్రింగి, ఎఱుపును మాత్రము తిరిగి పంపును. తెల్లని వస్తువు దాదాపు దేనిని మ్రింగదు. వచ్చిన వెలుతురునంతటిని నలుదెసలకు వెదజల్లును. పాలు తెల్లగా నుండుటకు గారణమిదియే. పాలలోని వెన్న కణములును, ఇతర సూక్ష్మకణములును వెలుతురును చెదరగొట్టును. పాలలో నీళ్లు పోసినకొలది యా కణములు పలుచనై, పాత్ర యడుగు కనబడ నారంభించును. మేము సిరాలో నీళ్లు పోసి చేసినదియు నిదియే. తెలుపు పలుచనై, చొక్కా యొక్క నీలిరంగు దానిగుండ కనబడెను. నీళ్లపాలను కనిపెట్టగల మనము నీళ్ల సిరాను కనిపెట్టలేకపోతిమి.

ఇందు మరియొక సూక్ష్మము గలదు. గోడకు సున్నము కొట్టినప్పుడు తడిగా నున్నంతసేపు వెల్లవేసిన గుర్తే యంతగా కనబడదు, ఆరినకొలది తెల్లబడును. ఏలయన, కణమునకును దానిచుట్టునున్న పదార్థమునకును వెలుతురును వంచు శక్తిలో భేదమెంత యెక్కువగా నున్న, వెలుతురు అంత యెక్కువగా చెదరును. ఈ శక్తిని వక్రీభవన గుణకమందురు. నీటికిది 1.33; గాలికి ఇంచుమించు 1; సున్నపు పదార్థములకు సుమారు 1.6. సున్నపు కణముల నడుమ నీరున్నప్పుడు భేదము స్వల్పము. నీరారిపోయి గాలి చేరినప్పుడు భేదమధికము. ఆరుచు గాలిని పీల్చుకొన్న సున్నము గట్టిపడుటయు దానికి తోడగును. అయితే సిరాలో కణముల చుట్టు గాలి యుండదు. కణములను వస్త్రమునకంటించు జిగురు పదార్థము నిండియుండును. దాని గుణకము సుమారు 1.5. కావున సున్నమును, సుద్దయు సిరాలో వేసినచో తెలుపు గానరాదు. టైటానియం డయాక్సైడు అను పదార్థపు గుణకము, రూటైలు రూపమున, సుమారు 2.7. అందువలననే నేటి తెల్ల రంగులలో దాదాపన్నిటికి నిది మూలాధారమైనది.

ఈ పదార్థపు చరిత్ర మన విద్యార్థులు తెలిసికొనదగినది. 1791లో ఇంగ్లాండులోని కార్న్‌వాల్ ప్రాంతమున విలియం గ్రెగర్ అను క్రైస్తవ బోధకుడు ఒక సెలయేటి నల్లని యిసుకను పరీక్షించి, అందు క్రొత్త లోహమున్నదని కనుగొనెను. 1795లో జర్మను రసాయనజ్ఞుడు క్లాప్రోత్ దానికి టైటానియమని పేరిడెను. అయినను తెల్లని రంగుపొడిగా దీనిని విక్రయార్థము తయారుచేయుట 1916 ప్రాంతమున నార్వే, అమెరికా దేశములలోగాని మొదలుకాలేదు. అంతకుముందు వాడుచుండిన సీసపు తెలుపు విషపూరితము. నేడు మన దేశమున కేరళలోని చవర తీరమునను, మన రాష్ట్రమున భీమునిపట్నము తీరమునను నల్లని యిసుకలో ఇల్మెనైటు అను ఖనిజము గలదు. టైటానియము దానిలోనే యున్నది. తిరువనంతపురములో ట్రావంకోర్ టైటానియం ప్రొడక్ట్స్ సంస్థ 1946లో స్థాపింపబడెను. మిక్కిలి తెల్లనిది మిక్కిలి నల్లని యిసుకనుండి వచ్చుట చూచి బాహ్యరూపమునుబట్టి దేనిని తృణీకరింపరాదని నేర్చుకొందము.

తెల్ల సిరా చిక్కగా నుండుటకు గారణ మిప్పుడు స్పష్టము. ముదురు వస్త్రమును కప్పివేయవలెనన్నచో టైటానియం పొడిని మెండుగా కలుపవలెను. నలుపు, ఎఱుపు సిరాలకు అంత పొడి యక్కరలేదు. కావున చిక్కదనము తెల్ల సిరాకు దోషము కాదు. అది దాని బలము. ఆ బలమును పోగొట్టకుండ దానిచే పని చేయించుకొనుటయే నేర్పు.

వస్త్రములకు వాడు తెల్ల సిరాలు ముఖ్యముగా రెండు తెగలు. మొదటిది నీటి ఆధారముగల పేస్టు. మన దేశపు ముద్రాపకులు ‘ఖాదీ’ అను పేరిట పిలుచు చిక్కని తెలుపు ఈ తెగలోనిదే. ఇది గాలికారును. రెండవది ప్లాస్టిసాల్; ఇది పి.వి.సి. పొడిని నూనెవంటి ద్రవములో కలిపి చేసినది. ఇది గాలికి ఎన్ని దినములైనను ఆరదు, వేడిచేతనే గట్టిపడును. డబ్బాలో నున్నది ఏ తెగయో తెలిసికొనకుండ దేనిని కలుపరాదు. ప్లాస్టిసాల్‌లో నీరు కలిపినచో చెడిపోవును. నీటి పేస్టులో నూనె సంబంధమైన ద్రవమును పోయుటయు నట్టిదే.

సిరా దిగనప్పుడు చేయవలసిన పరీక్షలను మేము కనుగొనిన వరుసలో చెప్పుచున్నాము. ఒక్కసారి ఒక్క మార్పు మాత్రమే చేయవలెను. రెండు మార్పులు ఒకేసారి చేసినచో ఏది పనిచేసినదో తెలియదు. ప్రయోగశాలలో మేము పిల్లలకు నిత్యము చెప్పు సూత్రమిదియే. ఆ సాయంకాలము మేమే దానిని మరచితిమి.

మొదటి పరీక్ష: సిరాను బాగుగా కలియబెట్టితిమా? గడ్డ పెరుగు కుండలో కదలక నిలిచియుండును గాని, కవ్వముతో చిలికినంతనే జారుగా నగును. చిక్కని తెల్ల సిరాయు నట్టిదే. కదలిక వలన పలుచబడును. అయితే పెరుగువలె గాక, కొన్ని గంటలు కదల్పక విడిచినచో మరల బిగిసికొనును. కావున రాత్రి యంతయు నిలువయున్న డబ్బాను తెరచినవెంటనే స్క్రీనుపై వేయరాదు. వెడల్పైన గరిటెతో అడుగునుండి నాలుగైదు నిమిషములు కలుపవలెను. ఇందుకు ఖర్చులేదు, ఓపిక మాత్రమే కావలెను.

రెండవది: వాతావరణము. చలికాలపు ఉదయమున నెయ్యి పేరుకొనునట్లు ప్లాస్టిసాల్ చలికి చిక్కబడును. గది వేడెక్కినచో సడలును. నీటి పేస్టు సంగతి వేరు. మన తిరువూరి వేసవిలో అది జాలి రంధ్రములలోనే యారిపోయి వానిని మూసివేయును. ఫ్యాను గాలి తిన్నగా స్క్రీనుపై తగిలినచో మరింత త్వరగా నారును. చూచువారికి సిరా చిక్కబడినట్లు తోచును. నిజమునకు రంధ్రములు పూడినవి. అట్టిచో ఫ్యానును ప్రక్కకు త్రిప్పి, డబ్బాపై మూత నుంచి, ఒక ముద్రకును మరియొక ముద్రకును నడుమ సిరాను జాలిపై పలుచగా పరచియుంచవలెను. ఆలస్యముగా నారుటకై తయారీదారులే యిచ్చు ద్రవమును కొలతప్రకారము కలుపవచ్చును.

మూడవది: జాలి బిగువు, ఎడము. జాలి వదులుగా నున్నచో స్క్వీజీ ముందుకు సాగిన తరువాత అది వస్త్రమునుండి విడివడక యంటుకొనిపోవును. సిరా సగము రంధ్రములలోనే నిలిచిపోవును. వ్రేలితో నొక్కిచూచినచో జాలి తప్పెట తోలువలె వెనుకకు తన్నవలెను. స్క్రీనునకును వస్త్రమునకును నడుమ రెండు, మూడు మిల్లీమీటర్ల యెడముండవలెను. అప్పుడు స్క్వీజీ దాటినచోటనెల్ల జాలి తటాలున పైకి లేచి, సిరాను వస్త్రముపై విడిచిపెట్టును.

నాలుగవది: స్క్వీజీ. దాని యంచు మొండిపడియున్నదేమో చూడవలెను. బలముకొలది నొక్కినచో సిరా వస్త్రపు లోతునకు పోవును, పైన నిలువదు. తెలుపు పైననే నిలువవలెను. కావున నొక్కుట తక్కువగాను, లాగుట నిదానముగాను ఉండవలెను. తొందర యిక్కడను శత్రువే.

ఐదవదియే మా కథలోని యసలు రహస్యము: జాలి రంధ్రముల పరిమాణము. ఆ యువకుని స్క్రీనులన్నియు శుభలేఖలకై చేసినవి. కాగితముపై సన్నని గీతలు పడవలెనని వానికి అంగుళమునకు 300కు పైగా దారములు గల జాలిని బిగించియుండెను. అట్టి జాలిలో ఒక్కొక్క రంధ్రము ఇంచుమించు 45 మైక్రానులు మాత్రమే. వస్త్రముపై తెల్ల సిరాకు అంగుళమునకు 110 మొదలు 160 వరకు దారములున్న జాలి తగును. 110 దారముల జాలిలో రంధ్రము సుమారు 150 మైక్రానులు; అనగా మూడింతలు వెడల్పు. టైటానియం కణము మైక్రానులో ఇంచుమించు నాలుగవ వంతు మాత్రమే గనుక కణము పట్టక నిలిచినదికాదు. చిక్కని ముద్ద సన్నని రంధ్రపు గోడలనంటుకొని క్రిందికి దిగకుండెను. పిండి జల్లెడలో ఇడ్లీ పిండి పోసి దిగలేదని పిండిని నిందించినట్లు మేము సిరాను నిందించితిమి.

ఈ సంగతి తేలిన దినమున ఆ యువకుడు 120 దారముల జాలితో క్రొత్త స్క్రీను చేసి, అదే డబ్బాలోని సిరాను, చుక్క నీరు కలుపకుండ, నీలి గుడ్డముక్కపై లాగెను. స్క్రీను నెత్తగానే అక్షరములు జాజిపూలవలె తెల్లగా నిలిచియుండెను. అతడు మావంక చూచి నవ్వెను గాని, ఏమియు ననలేదు.

ఇవన్నియు సరిచూచిన పిమ్మటనే ఆరవదగు పలుచన చేయుట గూర్చి యాలోచింపవలెను. అదియు నీటితో గాక, ఆ సిరాను చేసినవారే యిచ్చు పలుచన ద్రవముతో, నూటికి మూడు నాలుగు పాళ్లకు మించకుండ, తూచి కలుపవలెను. కంటి కొలత పనికిరాదు. నీరెక్కువైనచో మూడు కీడులు కలుగును. తెల్లపొడి పలుచనై వెనుకటి రంగు కనబడును. పలుచని సిరా నూలుదారముల వెంట ప్రాకి యంచులు చెదరును. కణములనంటించు జిగురును పలుచనై ఉదుకునకు నిలువదు. మా చొక్కాలకు ఈ మూడు కీడులును సంభవించెను.

ఒక్క పూతతో తెలుపు చాలనిచో దట్టముగా పూయరాదు. గోడకు ఒకేసారి మందముగా సున్నము పూసినచో బీటలు వారును; పలుచగా రెండుమార్లు వేసినచో నిలుచును. అట్లే మొదటి పూతను వేసి, వేడిగాలితో పైపైన తడియారనిచ్చి, చొక్కాను కదల్పక అదే స్థానమున రెండవ పూత వేయవలెను.

ముద్రించుటతో పని ముగియదు. నీటి పేస్టు ఆరినట్లు కనబడినను జిగురు గట్టిపడుటకు వేడి కావలెను. సాధారణముగా 150 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మూడు మొదలు ఐదు నిమిషములు. ప్లాస్టిసాల్ పొర లోతువరకు సుమారు 160 డిగ్రీలు చేరవలెను. యంత్రము లేనివారు నీటి పేస్టుతో ముద్రించిన నూలు వస్త్రమును పూర్తిగా నారనిచ్చి, లోపలి ప్రక్కనుండి వేడి ఇస్త్రీపెట్టెతో ప్రతి భాగమును కొన్ని నిమిషములు కాచవలెను. మేము అర్ధరాత్రి తొందరలో ఈ పనియు విడిచితిమి. పాలిస్టరు చొక్కాలకు మరియొక చిక్కు గలదు. అధికమైన వేడికి దానిలోని రంగు ఆవిరియై తెలుపులోనికి చేరును. ఎఱ్ఱ చొక్కాపై తెల్లని యక్షరములు గులాబిరంగు దాల్చును. వానికి తక్కువ వేడితో గట్టిపడు ప్రత్యేకమైన సిరా వాడవలెను.

అన్నిటికంటె సులభమైన జాగ్రత్త యొకటి గలదు. 48 చొక్కాలు ముద్రించుటకు ముందు అదే గుడ్డముక్కపై ఒక్క ముద్ర వేసి, కాచి, ఒక దినమాగి, సబ్బుతో ఉదికి, ఎండలో ఆరవేసి చూడవలెను. ఒక గుడ్డముక్క చెప్పు సాక్ష్యము పదిమంది పెద్దల యూహకంటె నమ్మదగినది. పని ముగిసిన పిదప మిగిలిన సిరాను డబ్బాలోనికి తీసి గట్టిగా మూతపెట్టవలెను. స్క్రీను కడుగు ద్రవముల ఆవిరి పీల్చుట హానికరము గనుక కిటికీలు తెరచి, చేతులకు తొడుగులు వేసికొనవలెను. ఆ సిరాను, మురికినీటిని మురుగుకాలువలోనికి విడువరాదు. విడిచినచో తుదకు మన కట్టలేరునకే చేరును.

తెలుపును గూర్చి చెప్పుచు మన కృష్ణాతీరపు కలంకారీని మరువరాదు. మచిలీపట్నము, పెడన పనివారు టేకు దిమ్మలతో అద్దకము వేయుదురు. వారి పూర్వపద్ధతిలో తెలుపును పూయుట లేదు. కరక్కాయ, గేదెపాలు పట్టించిన గుడ్డపై ఇనుము, బెల్లము ఊరవేసిన కసిమితో నలుపును, పటికతో ఎఱుపునకు చోటును అద్ది, రంగులో ఉడికించి, పారు నీటిలో ఉదికి యెండవేయుదురు. అద్దకము తగులనిచోట గుడ్డ మెల్లమెల్లగా తెల్లబడును. వారికి తెలుపు అనగా ముట్టక విడిచిన స్థలము. ముదురు చొక్కాపై ముద్రించువారికి తెలుపు అనగా పైన నిలిపిన భారము. రెండింటికిని కావలసినది కాలమే. కలంకారీ గుడ్డను ఒక్క రాత్రిలో ముగింపుమని యెవరును అడుగరు. మేము మాత్రము ఆ పిల్లవానినట్లడిగితిమి.

ఈ యేటి క్రీడోత్సవమునకు పని నెలరోజుల ముందుగా అతనికే యిచ్చితిమి. కొందరు తలిదండ్రులు మొదట సంశయించిరి. అతడు పరీక్షార్థము ముద్రించిన గుడ్డముక్కను ఐదుమార్లు ఉదికించి వారి చేతికిచ్చితిమి. ఒక తల్లి దానిని గోటితో గీకి చూచి, వెలుతురునకెదురుగా పట్టి, మాటాడక ప్రక్కనున్నామె చేతికందించెను. ఈ సంచిక మీ చేతికి వచ్చునప్పటికి ఆ చొక్కాలు ఎన్నో యుదుకులు చూచియుండును. విద్యార్థులారా, మీ చొక్కాపై నక్షరములు తెల్లగా నున్నచో ఆ ఘనత దుకాణములోని యా యువకునిది. చెదరినచో, మొదట మమ్మడుగుడు.